మరొకరు చదవగలిగిందే మంచి కోడ్: సర్కండా నుంచి ఒక పైథాన్ పాఠం

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో పాత ఊరి వైపు నుంచి అర్పా నది వంతెన దాటితే సర్కండా వస్తుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ రైలు ఉద్యోగాల కోసం వచ్చి బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. 2003 ఏప్రిల్‌లో సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే జోన్ ఏర్పడి, బిలాస్‌పూర్ దానికి కేంద్రమైంది. ఇలాంటి ఇంట్లో పెరిగే విద్యార్థికి ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ, పుస్తకంలో ఇంగ్లిషు. సి.బి.ఎస్.ఇ. 11, 12 తరగతుల్లో కంప్యూటర్ సైన్స్ తీసుకుంటే వీటికి తోడు మరో భాష కూడా నేర్చుకోవాలి. అదే పైథాన్.

ప్రోగ్రాం నడిచి జవాబు వచ్చేస్తే పని అయిపోయినట్టేనని మొదట్లో అందరికీ అనిపిస్తుంది. కానీ వచ్చిన జవాబు సరైనదేనా అని తేల్చాలంటే ఆ కోడ్‌ను ఎవరో ఒకరు చదవాలి. చదవలేని కోడ్‌లో తప్పు దాక్కుంటుంది, చదవగలిగే కోడ్‌లో బయటపడుతుంది. కోడ్ అందంగా ఉండాలని చెప్పడంలో అసలు ఉద్దేశం ఇదే. రైలు ప్రయాణానికి సంబంధించిన ఒక చిన్న లెక్కతో దీన్ని పరిశీలిద్దాం.

పైథాన్‌కు ఈ పట్టింపు ఎక్కడిది?

నెదర్లాండ్స్‌కు చెందిన గైడో వాన్ రోసమ్ 1989 డిసెంబరు సెలవుల్లో పైథాన్ రాయడం మొదలుపెట్టారు. అప్పుడాయన ఆమ్‌స్టర్‌డామ్‌లోని సి.డబ్ల్యు.ఐ. అనే పరిశోధన సంస్థలో పనిచేస్తున్నారు. తొలి కూర్పు 1991 ఫిబ్రవరిలో బయటికి వచ్చింది. అంతకు ముందు ఆ సంస్థలోనే తయారైన ఎ.బి.సి. అనే బోధన భాష నుంచి ఆయన ఒక ముఖ్యమైన అంశాన్ని తీసుకున్నారు. ఏ వాక్యాలు ఏ భాగానికి చెందుతాయో మీసాల బ్రాకెట్లతో కాకుండా, పంక్తి మొదట వదిలే ఖాళీతోనే చూపించడం. కంటికి కనిపించే అమరికే కంప్యూటరుకు కూడా అర్థమయ్యే అమరిక కావడం దీని ప్రత్యేకత.

2001 జులైలో పైథాన్ రాతకు ఒక మార్గదర్శి వచ్చింది. దాన్ని 'పెప్ 8' అంటారు. ఒక్కో మెట్టుకు 4 ఖాళీలు, పంక్తికి 79 అక్షరాలకు మించకపోవడం, గుర్తులకు అటూ ఇటూ ఖాళీ ఇవ్వడం వంటి నియమాలు అందులో ఉన్నాయి. కోడ్‌ను రాసే సార్లకంటే చదివే సార్లే చాలా ఎక్కువ అన్న గైడో పరిశీలన ఆ నియమాలకు పునాది. పైథాన్ ఆలోచనా ధోరణిని టిమ్ పీటర్స్ 19 చిన్న సూత్రాలుగా చెప్పారు. పైథాన్ తెర మీద 'ఇంపోర్ట్ దిస్' అని ఇంగ్లిషు అక్షరాల్లో టైప్ చేస్తే అవి కనిపిస్తాయి. వాటిలో మొదటిది అందం గురించి, రెండవది దాచకుండా స్పష్టంగా చెప్పడం గురించి, ఏడవది చదవడానికి వీలుగా ఉండడం గురించి.

వెనక్కి పరిగెత్తిన రైలు

బిలాస్‌పూర్ నుంచి రాయపూర్‌కు రైలు మార్గంలో సుమారు 110 కిలోమీటర్లు. ఒక రైలు బిలాస్‌పూర్‌లో రాత్రి 11:30కు బయలుదేరి అర్ధరాత్రి దాటాక 1:30కు రాయపూర్ చేరిందనుకుందాం. దాని సగటు వేగం ఎంత?

పైథాన్ 3లో వేరియబుళ్లకు తెలుగులోనే పేర్లు పెట్టుకోవచ్చు. 2008 డిసెంబరులో విడుదలైన 3.0 నుంచీ ఈ వీలుంది. కాబట్టి కింది పంక్తులను ఉన్నవి ఉన్నట్టుగా టైప్ చేసినా పైథాన్ నడుపుతుంది.

అ = 1410
ఆ = 90
ఇ = 110
ఈ = ఇ / ((ఆ - అ) / 60)

జవాబు మైనస్ 5.0. అంటే రైలు గంటకు 5 కిలోమీటర్ల వేగంతో వెనక్కి వెళ్లిందన్నమాట! తప్పు ఎక్కడుంది? ఈ నాలుగు పంక్తులను ఎన్నిసార్లు చదివినా తెలియదు. 1410 అంటే ఏమిటో, 90 దేనికి గుర్తో అందులో లేదు. రాసినవారికి ఈ రోజు గుర్తుండవచ్చు, వచ్చే నెలకు వారికీ గుర్తుండదు.

ఇలాంటి సమయంలో తొందరపడి చేసే మరమ్మతు ఒకటుంది. జవాబు మైనస్‌లో వచ్చింది కాబట్టి ఆ గుర్తు తీసేస్తే సరిపోతుందని, 'ఏబీఎస్' అనే ఫంక్షన్‌తో దాన్ని ధనసంఖ్యగా మార్చేస్తారు. ఇప్పుడు జవాబు 5.0. ఇది మొదటి తప్పుకంటే ప్రమాదకరం. మైనస్ 5 కనీసం 'నన్ను చూడండి' అని అరుస్తుంది, 5 మాత్రం నోరు మెదపదు. మూడు రైళ్ల అసలు వేగాలు 55, 60, 65 అయితే వాటి సగటు 60. మొదటిదాని స్థానంలో 5 చేరితే సగటు 43.3 అవుతుంది. ఆ అంకెను చూసి ఎవరికీ అనుమానం రాదు. ఈ మార్గంలో రైళ్లు నెమ్మదిగా నడుస్తున్నాయని నివేదిక రాసేస్తారు.

పేరు పెట్టడమే సగం పని

అదే లెక్కను పేర్లతో రాద్దాం.

బయలుదేరిన_నిమిషం = 23 * 60 + 30
చేరిన_నిమిషం = 1 * 60 + 30
దూరం_కిమీ = 110
ప్రయాణ_నిమిషాలు = చేరిన_నిమిషం - బయలుదేరిన_నిమిషం
సగటు_వేగం = దూరం_కిమీ / (ప్రయాణ_నిమిషాలు / 60)

జవాబు ఇప్పటికీ మైనస్ 5.0. కానీ ఇప్పుడు కోడ్‌ను పైకి చదవవచ్చు: 'చేరిన నిమిషంలోంచి బయలుదేరిన నిమిషం తీసేస్తే ప్రయాణ నిమిషాలు.' చేరింది 1:30కి, బయలుదేరింది 23:30కి. మధ్యలో తేదీ మారిందని వెంటనే తడుతుంది. పేర్లు తప్పును సరిచేయలేదు. అది ఏ పంక్తిలో ఉందో మాత్రం చూపించాయి.

ఇక్కడ మూడు విషయాలు గమనించండి. మొదటిది, 1410 అని రాయకుండా 23 * 60 + 30 అని రాశాం. కంప్యూటరుకు రెండూ ఒకటే. చదివేవారికి మాత్రం రెండవది గడియారంలా కనిపిస్తుంది. రెండవది, చుట్టూ ఖాళీలు వదిలాం కాబట్టి గుర్తులు, అంకెలు కలగాపులగం కాలేదు. మూడవది, దూరం పేరులోనే కొలమానం ఉంది.

ఈ మూడవ విషయం ఎంత విలువైనదో అంతరిక్ష చరిత్ర చెబుతుంది. నాసా 1998 డిసెంబరులో పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23న అంగారకుణ్ని చేరుతూ నాశనమైంది. నేల మీది ఒక సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల ప్రభావాన్ని పౌండ్-సెకండ్లలో ఇస్తే, దాన్ని అందుకున్న మరో సాఫ్ట్‌వేర్ న్యూటన్-సెకండ్లుగా లెక్కించింది. రెండింటికీ తేడా సుమారు 4.45 రెట్లు. దాదాపు 226 కిలోమీటర్ల ఎత్తున వెళ్లాల్సిన నౌక 57 కిలోమీటర్ల ఎత్తుకు దిగిపోయింది. అది పైథాన్‌లో రాసిన కోడ్ కాదు, ఆ ప్రమాదానికి కారణం అదొక్కటే కూడా కాదు. కానీ అంకె పక్కన కొలమానం లేకపోతే ఏం జరగవచ్చో దానికంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. పేరులో 'కిమీ' ఉంటే, అక్కడ మైళ్లు వేయబోయేవారి చేయి ఒక్క క్షణమైనా ఆగుతుంది.

తెలివైన మరమ్మతు, స్పష్టమైన మరమ్మతు

తేదీ మారిన సమస్యకు పైథాన్‌లో ఒక చక్కని ఉపాయం ఉంది. '%' గుర్తు భాగహారంలో శేషాన్ని ఇస్తుంది. ఎడమవైపు రుణసంఖ్య ఉన్నా, కుడివైపున్నది ధనసంఖ్య అయితే పైథాన్‌లో శేషం ఎప్పుడూ రుణసంఖ్యగా రాదు.

రోజుకు_నిమిషాలు = 24 * 60
ప్రయాణ_నిమిషాలు = (చేరిన_నిమిషం - బయలుదేరిన_నిమిషం) % రోజుకు_నిమిషాలు

మైనస్ 1320ని 1440తో భాగిస్తే శేషం 120. అంటే రెండు గంటలు. వేగం 55.0. జవాబు సరిపోయింది. అయితే సి భాషలో ఇదే పంక్తి రాస్తే శేషం మైనస్ 1320 గానే వస్తుంది. ఆ భాష తెలిసిన మిత్రుడు ఈ కోడ్ చదివితే తికమకపడతాడు. పైగా ఇందులో చెప్పకుండా వదిలేసిన షరతు ఒకటుంది. ప్రయాణం 24 గంటలలోపే ముగియాలి. 26 గంటల ప్రయాణాన్ని ఈ లెక్క నిశ్శబ్దంగా 2 గంటలు చేసేస్తుంది. అందుకే ఈ ఉపాయం వాడితే పైన ఒక కామెంట్ తప్పనిసరి.

# 24 గంటలలోపు ప్రయాణాలకే ఈ లెక్క. తేదీ మారితే శేషంతో సరిచేస్తున్నాం.

కామెంట్ ఎలా ఉండాలో కూడా ఇక్కడ చూడవచ్చు. 'శేషం తీస్తున్నాం' అని మాత్రమే రాస్తే ఉపయోగం లేదు, ఆ సంగతి కోడ్‌లోనే కనిపిస్తోంది. ఎందుకు తీస్తున్నామో, ఎంతవరకు చెల్లుతుందో రాయాలి. కోడ్ మార్చినప్పుడు కామెంట్‌నూ మార్చాలి. పాతబడిన కామెంట్ ఉండడంకంటే అసలు లేకపోవడమే మేలు.

ఇంకా మంచి దారి రైల్వే సమయ పట్టికల్లోనే ఉంది. దూరప్రయాణ రైళ్ల వివరాల్లో ప్రతి స్టేషను ఎదురుగా సమయంతో పాటు అది ఎన్నో రోజో కూడా ఇస్తారు. ఆ సమాచారాన్నే వాడుకుంటే ఉపాయంతో పనిలేదు.

గడిచిన_రోజులు = 1
ప్రయాణ_నిమిషాలు = గడిచిన_రోజులు * రోజుకు_నిమిషాలు + చేరిన_నిమిషం - బయలుదేరిన_నిమిషం

1440 + 90 - 1410 = 120. జవాబు అదే. కానీ ఇది 2 గంటల ప్రయాణానికీ, 26 గంటల ప్రయాణానికీ పనిచేస్తుంది. పైథాన్ తెలియని స్టేషన్ ఉద్యోగి కూడా ఈ పంక్తిని సరిచూడగలరు. తెలివితేటలు చూపించే పంక్తికి, విషయాన్ని చూపించే పంక్తికి మధ్య ఎంచుకోవలసి వస్తే రెండవదాన్నే ఎంచుకోండి. తేదీలతో సహా పెద్ద లెక్కలు చేయాల్సి వస్తే పైథాన్‌తో పాటే వచ్చే 'డేట్‌టైమ్' మాడ్యూల్ వాడటం ఉత్తమం.

ఫంక్షన్, లూప్: చదివితే వాక్యంలా

ఇదే లెక్క పది రైళ్లకు కావాలంటే పదిసార్లు రాయకూడదు. ఒక ఫంక్షన్‌గా కట్టాలి. డెఫ్, రిటర్న్, ఫర్, ఇన్ వంటి పైథాన్ సొంత మాటలను కంప్యూటర్‌లో ఇంగ్లిషు అక్షరాల్లోనే టైప్ చేయాలి. ఇక్కడ చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇస్తున్నాం.

డెఫ్ సగటు_వేగం(దూరం_కిమీ, ప్రయాణ_నిమిషాలు):
    ప్రయాణ_గంటలు = ప్రయాణ_నిమిషాలు / 60
    రిటర్న్ దూరం_కిమీ / ప్రయాణ_గంటలు

దీన్ని పిలిచేటప్పుడు సగటు_వేగం(110, 120) అని రాస్తే ఏది దూరమో, ఏది కాలమో చదివేవారికి తెలియదు. రెండూ తారుమారైనా పైథాన్ అడ్డుచెప్పదు. పేర్లతో పిలిస్తే ఆ భయం లేదు.

సగటు_వేగం(దూరం_కిమీ=110, ప్రయాణ_నిమిషాలు=120)

లూప్‌ల దగ్గర కొత్తవారు తరచూ వేరే భాషల అలవాటును మోసుకొస్తారు. ఒక జాబితా ఉందనుకోండి.

స్టేషన్లు = ["కోర్బా", "చాంపా", "భాటాపారా", "రాయపూర్"]

'ఐ' అనే అంకెను 0 నుంచి జాబితా పొడవు వరకు పెంచుతూ, ప్రతిసారీ స్టేషన్లు[ఐ] అని వెతకనక్కరలేదు. పైథాన్‌లో ఇలా రాస్తే చాలు.

ఫర్ స్టేషన్ ఇన్ స్టేషన్లు:

స్టేషన్లలో ఒక్కో స్టేషన్‌కు అన్నమాట. జాబితాకు బహువచనం, అందులోని ఒక్కదానికి ఏకవచనం పెడితే పంక్తి దానంతటదే వాక్యమవుతుంది. రేమండ్ హెట్టింగర్ 2013 పైకాన్ సదస్సులో అందమైన పైథాన్ గురించి చేసిన ప్రసంగంలో ఇలాంటి మార్పులను ఒక్కొక్కటిగా చూపించారు. అంకెతో వెతికే పద్ధతిలో హద్దు దాటే పొరపాట్లు జరుగుతాయి. అంకే లేకపోతే ఆ పొరపాటుకు చోటే ఉండదు.

ఇలాంటి సౌకర్యాలు మరో రెండు చూడండి. వేగం నమ్మదగినదో కాదో చూడాలంటే గణిత పుస్తకంలో రాసినట్టే రాయవచ్చు: 0 < వేగం <= 160. రెండు విలువలను తారుమారు చేయాలంటే మూడో పాత్ర అక్కరలేదు: ఎడమ, కుడి = కుడి, ఎడమ.

పేర్లు ఏ భాషలో?

ఇంతవరకు తెలుగు పేర్లు వాడాం. నిజంగా రాసేటప్పుడూ అలాగే చేయాలా? ఇంట్లో ఒక భాష, బడిలో మరొకటి ఉండే సర్కండా విద్యార్థికి ఇది సొంత ప్రశ్న.

నేర్చుకునే దశలో తెలుగు పేర్లు ఎంతో మేలు చేస్తాయి. ఆలోచన నేరుగా కోడ్‌లోకి వస్తుంది. కానీ కొన్ని చిక్కులు తెలిసి ఉండాలి. పెప్ 8 ప్రకారం తరగతుల పేర్లకు పెద్ద అక్షరంతో మొదలు, మారని విలువలకు అన్నీ పెద్ద అక్షరాలు వాడాలి. తెలుగులో పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు కాబట్టి ఆ సూచన చదివేవారికి అందదు. రెండవ చిక్కు కంటికి కనిపించనిది. 'బిలాస్‌పూర్' అని టైప్ చేసేటప్పుడు పొల్లు 'స్'కూ 'పూ'కూ మధ్య అవి కలిసిపోకుండా ఒక అదృశ్య గుర్తు చేరుతుంది. వేరియబుల్ పేరులో ఆ గుర్తు ఉంటే పైథాన్ ఒప్పుకోదు, దోషం చూపుతుంది. కొటేషన్ల మధ్య ఉంటే ఒప్పుకుంటుంది, కానీ ఆ గుర్తు ఉన్న మాటా, లేని మాటా దానికి వేర్వేరు. ఒకే ఊరు పట్టికలో రెండు ఊళ్లవుతుంది. అంకెల విషయంలోనూ జాగ్రత్త అవసరం. కోడ్‌లో నేరుగా ౧౧౦ అని రాస్తే దోషం వస్తుంది. కొటేషన్లలో ఉన్న "౧౧౦"ను మాత్రం 'ఇంట్' ఫంక్షన్ చక్కగా 110గా మారుస్తుంది.

చాలామంది మధ్యేమార్గంగా తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తారు. ఇందులో రెండు వైపులా నష్టమే. 'దూరం' అన్న మాటకు ఒకరు రెండు 'ఓ'లు వేస్తారు, మరొకరు ఒక్క 'యు' వేస్తారు, ఇంకొకరు 'డి' పక్కన 'హెచ్' చేరుస్తారు. పైథాన్‌కు అవి మూడు వేర్వేరు పేర్లు. ఇక పక్కింటి హిందీ మిత్రుడికి 'దూరీ' తెలుసు కానీ, ఆ అక్షరాల గుంపు అదే మాటని తట్టకపోవచ్చు.

దీనిపై పెప్ 8 సలహా సూటిగా ఉంటుంది. మీ భాష రానివారు ఆ కోడ్‌ను ఎన్నడూ చదవరని 120 శాతం నమ్మకం ఉంటే తప్ప ఇంగ్లిషులోనే రాయమంటుంది. నూటికి 120 అనడంలోనే జవాబుంది, అంత నమ్మకం ఎవరికీ ఉండదు. కాబట్టి సొంత అభ్యాసానికి తెలుగు పేర్లు పెట్టుకోండి. తరగతిలో, జట్టులో పంచుకునే కోడ్‌కు సరళమైన ఇంగ్లిషు పేర్లు పెట్టండి. భాష ఏదైనా కొలమానం, ఏకవచనం, బహువచనం, పూర్తి మాట అనే పద్ధతి మారదు.

పరికరాలు చేసేది, మనం చేయాల్సింది

2018లో వచ్చిన 'బ్లాక్' వంటి పరికరాలు ఖాళీలను, పంక్తుల పొడవును వాటంతటవే సర్దుతాయి. వాడుకోండి. కానీ 'అ = 1410' అన్న పంక్తిని బ్లాక్ చూస్తే అందులో మార్చాల్సింది దానికేమీ కనిపించదు. 1410 అంటే రాత్రి పదకొండున్నర అని దానికి తెలియదు. అది మనిషి చెప్పాల్సిన మాట.

రైల్వేలో పట్టాల మరమ్మతు జరిగేచోట లోకో పైలట్‌కు 'కాషన్ ఆర్డర్' ఇస్తారు. ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు వరకు, ఎంత వేగం మించకూడదో అందులో రాసి ఉంటుంది. రాసేది ఒకరు, చదివి బండి నడిపేది మరొకరు. ఊహించుకోమని వదిలేసే వీలు అందులో లేదు. కోడ్ కూడా ఇలా మరొకరి చేతికి వెళ్లే కాగితమే. ఆ మరొకరు ఆరు నెలల తర్వాతి మీరే కావచ్చు.

మీరు ఇటీవల రాసిన ప్రోగ్రాం ఒకటి తీసుకుని, పైథాన్ తెలిసిన మిత్రుడి చేత పైకి చదివించండి. మీరు మధ్యలో ఏమీ చెప్పకండి. అతను ఎక్కడ ఆగితే అక్కడ పేరు మార్చండి. ఎక్కడ 'ఇదెందుకు?' అని అడిగితే అక్కడ కామెంట్ రాయండి. ఎక్కడ తప్పుగా అర్థం చేసుకుంటే, ఆ పంక్తిని రెండుగా విడగొట్టండి. ఆ తర్వాత పై రైలు లెక్కకు ఒక చేర్పు ప్రయత్నించండి: బయలుదేరిన సమయం, చేరిన సమయం ఒకటే అయి, గడిచిన రోజులు 0 అయితే ఏం జరుగుతుంది? సున్నాతో భాగించే దోషం వస్తుంది. ఆ సందర్భంలో ప్రోగ్రాం ఏ మాట చెప్పి ఆగాలో మీరే రాయండి. ఆ సందేశం చదివినవారికి ఏ అంకెలు సరిచూడాలో అర్థమైతే మీ కోడ్ సరిగ్గా రాసినట్టే.